మచ్చల మొక్కజొన్న

సావనీరుకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం కుర్రాళ్ళు అడిగారు. రాయవలసింది ఒకటి చాలా ఏళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది.

2010 ప్రాంతంలో క్లాసులో క్రోమోజోముల పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రవాడొకడు లేచాడు. వరికీ మొక్కజొన్నకీ జన్యువుల లెక్కలో పెద్ద తేడా లేదంటున్నారు గదా, మరి మొక్కజొన్న డీఎన్‌ఏ వరికి ఆరింతలు ఎందుకుందని అడిగాడు. అదంతా మళ్ళీ మళ్ళీ వచ్చే చెత్త, పరీక్షకి రాదు, కూర్చోమన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం పామర్రు సెంటర్లో బస్సు దిగితే బొగ్గుల మీద పొత్తులు కాలుస్తున్నారు. ఒకటి కొనుక్కుని ఇంటికి నడిచాను గాని మనసు కుదుటపడలేదు. ఆ చెత్తను మొట్టమొదట పట్టుకున్నావిడ కథ నేను చదవకపోలేదు. చదివి కూడా అలా అన్నాను.

ఆవిడ బార్బరా మెక్లింటాక్. 1902 జూన్ 16న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టింది. కాలేజీలో చేరితే పెళ్ళి కాదని తల్లి భయం (ఆ భయం మన కృష్ణా జిల్లాకే సొంతం కాదన్నమాట). తండ్రి సరేనన్నాడు. 1919లో కార్నెల్‌లో చేరి 1927కి డాక్టరేటు తీసుకుంది. మొక్కజొన్న పది క్రోమోజోముల్నీ సూక్ష్మదర్శినిలో విడివిడిగా గుర్తుపట్టింది. 1944లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైంది. అంటే అప్పటికే చిన్న మనిషి కాదు.

జన్యువులు దండలో పూసల్లా ఉన్నచోటే ఉంటాయని అందరూ నమ్మే కాలమది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పొలంలో ఆవిడ మచ్చల గింజలు చూసింది. గింజకు రంగునిచ్చే జన్యువులో డీఎస్ అనే ముక్క వచ్చి దూరితే రంగు ఆగిపోతుంది. గింజ పెరిగేటప్పుడు ఒక కణంలో అది లేచిపోతే, ఆ కణం సంతానమంతా రంగు తేలి మచ్చవుతుంది. పెందలాడే లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. చిత్రమేమంటే డీఎస్‌కి సొంత కాళ్ళు లేవు, ఏసీ అనే మరో ముక్క ఉంటేనే కదులుతుంది. ఇదంతా ఆవిడ పొత్తులు చూసి, లెక్కలు కట్టి తేల్చింది. డీఎన్‌ఏ చదివే యంత్రాలు అప్పుడెక్కడివి!

1951లో సదస్సులో చెబితే సభలో ఉలుకూ పలుకూ లేదట. ఎవరూ నమ్మలేదని పుస్తకాల్లో రాస్తారు. అంత మాట సరికాదని నా అభిప్రాయం. ముక్కలు కదలడాన్ని మొక్కజొన్న మీద పనిచేసేవాళ్ళు ఒప్పుకున్నారు. అవే జన్యువుల్ని అదుపు చేస్తాయన్న దగ్గర వెనక్కి తగ్గారు. ఆ రెండో మాట ఆవిడ అన్నంత విస్తారంగా నిలబడనూ లేదు. 1953 తరవాత దీనిమీద పత్రికల్లో రాయడం దాదాపు మానేసింది. పొలం మాత్రం మానలేదు.

1960ల చివర బాక్టీరియాలోనూ ఇలాంటి ముక్కలు దొరికాయి. 1983లో నోబెల్ బహుమతి ఆవిడ ఒక్కర్తికే ఇచ్చారు. ఇంట్లో టెలిఫోను లేదు, కబురు రేడియోలో విన్నది. అప్పటికి 81 ఏళ్ళు. 1992 సెప్టెంబరు 2న పోయింది.

2009లో మొక్కజొన్న డీఎన్‌ఏ చదివితే సుమారు 85 శాతం కదిలే ముక్కలే, వాటి అవశేషాలే. ఎక్కువ భాగం తమ నకలు తీసి మరోచోట అంటించుకునే రకం. ఆరింతలైంది అందుకే. చాలామటుకు ఉత్త నకళ్ళేనని ఒప్పుకుంటాను. కాని మొక్కజొన్న పూర్వీకురాలు టియోసింటె గుబురు మొక్క. కొమ్మల్ని అణిచే జన్యువుకు ఎగువన హాప్‌స్కాచ్ అనే ముక్క దూరి, ఆ జన్యువు జోరు పెంచింది. మొక్క ఒంటికాడ కావడంలో దాని చెయ్యి ఉందని 2011లో తేలింది.

ఈ సావనీరు పూర్వ విద్యార్థులకూ పంపుతారట. ఆ కుర్రవాడికి అందితే ఇంకొక్కటి. మెండెల్ ముడతల బఠాణీ నేను ఏటా బోర్డు మీద వేసేదే, పరీక్షకీ వచ్చేదే. ఆ ముడతకు కారణం పిండిపదార్థపు జన్యువులో దూరిన, ఏసీ, డీఎస్‌ల వరసకు చెందిన ముక్కేనని 1990లోనే తేలింది. నువ్వు లేచి అడిగిన రోజుకి అది పాత సంగతే.