పడవలో పుట్టిన ఆలోచన

మాలో చాలామందికి రెండు మూడేళ్ళకోసారి ఊరు మారుతుంది. కొత్త బడిలో చేరగానే పక్కవాళ్ళ నోట్సు చూసి రాసుకోవడం మాకు అలవాటే. ఒకరు రాసిన నకలు చూసి ఇంకొకరు, దాన్ని చూసి మరొకరు రాస్తూ పోతే తప్పులు పెరిగిపోతాయనీ మాకు తెలుసు. వందేళ్ళ కిందట టెలిఫోనులో మనిషి గొంతుకు ఇలాంటి కష్టమే వచ్చింది. దాన్ని తీర్చినవారు హెరాల్డ్ స్టీఫెన్ బ్లాక్.

ఆయన 1898 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టారు. 1921లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరారు. అక్కడి పరిశోధన విభాగమే తరువాత బెల్ ప్రయోగశాల అయింది.

తీగలో దూరం వెళ్ళేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. అందుకని దారి పొడవునా ఆంప్లిఫయర్లు పెట్టి దాని బలం పెంచేవారు. కానీ ప్రతి ఆంప్లిఫయరూ సంకేతం రూపాన్ని కొంచెం చెడగొట్టేది. ఒకే తీగ మీద చాలా సంభాషణలు పంపితే ఒకరి మాటలు ఇంకొకరి మాటల్లో కలిసిపోయేవి. బ్లాక్ ఆరేళ్ళు ఈ సమస్యతోనే కుస్తీ పట్టారు. 1923లో ఒక ఉపాయం దొరికింది కానీ, దాన్ని మాటిమాటికీ సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది.

1927 ఆగస్టు 2 ఉదయం ఆయన పనికి వెళ్తూ హడ్సన్ నది దాటే పడవలో ఉన్నారు. ఉన్నట్టుండి ఆలోచన తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే బొమ్మ గీసి, లెక్క రాసి, సంతకం చేశారు. ఆంప్లిఫయరు నుంచి బయటికి వచ్చేదానిలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి వెళ్ళేదానిలోంచి తీసివేయాలి. అంటే నకలును అప్పటికప్పుడే అసలుతో పోల్చి దిద్దుకోవడం! దీన్నే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు.

దీనివల్ల ఆంప్లిఫయరు బలం చాలా తగ్గిపోతుంది. అందరూ బలం పెంచాలని చూస్తుంటే ఆయన దాన్ని వదులుకుని శుద్ధతను సంపాదించారు. ఆ ఏడాది డిసెంబరులో జరిపిన పరీక్షలో సంకేతంలోని చెడు లక్షో వంతుకు తగ్గింది. అయినా చాలామంది నమ్మలేదు. 1928లో అడిగిన పేటెంటు 1937లో గానీ చేతికి రాలేదు. బ్లాక్ 1983లో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఫోను చిప్‌లో చిన్న చిన్న ఆంప్లిఫయర్లు ఉంటాయి. టవరు దూరమైతే అవి సంకేతాన్ని ఎక్కువగా, దగ్గరైతే తక్కువగా పెంచుతాయి. అవి బ్యాటరీని తక్కువ వాడాలి, సంకేతాన్ని చెడగొట్టకూడదు. వీటిని తయారుచేసే ఇంజనీర్లకు బ్లాక్ ఉపాయం ఇప్పటికీ పనికొస్తోంది.

ఏ ఊరికి బదిలీ అయినా అమ్మమ్మ గొంతు మాకు అమ్మమ్మ గొంతులాగే వినిపిస్తోంది. ఈసారి ఆమెతో మాట్లాడేటప్పుడు ఆ పడవను కూడా తలచుకుంటాం.