కీ. శే. కొండా వెంకట రంగారెడ్డిగారు – బడియు, ఇల్లును

ఒక పెద్దమనుష్యుని పేరు జిల్లాకు పెట్టినచో ఆ పేరు దినదినము వేలకొలది కాగితములపై వ్రాయబడును. వ్రాయువారు ఆ మనుష్యుని మరచిపోవుటయు నంతే సులభముగ జరుగును. 1978వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు జిల్లానుండి వేరుచేయబడిన రంగారెడ్డి జిల్లా విషయమున జరిగిన దిదియే. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో పట్టాపుస్తకముమీదను, బడిపిల్లల ధ్రువపత్రముల మీదను కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు కలదు. ఆయన యే పల్లెలో పుట్టిరో, యే లోపమును దీర్చుటకు పాటుపడిరో యెరిగినవారు మాత్రము ఆ ప్రాంతముననే కొలదిమంది.

ఆయనను నేడు స్మరించుటకు ప్రత్యేక కారణ మొకటి గలదు. బడిలో చెప్పిన పాఠము బిడ్డవెంట ఇంటిలోనికి వచ్చునా, గడపవద్దనే నిలిచిపోవునా యను ప్రశ్న ఆయన కాలమున తెలంగాణమును వేధించినది. ఆ ప్రశ్నయే వేషము మార్చుకొని నేడు ఆయన పుట్టిన ప్రాంతమునకు మరల వచ్చినది.

రంగారెడ్డిగారు 1890వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, నేటి మొయినాబాదు మండలములోని పెద్దమంగళారము గ్రామమున, వ్యవసాయ కుటుంబమునందు జన్మించిరి. అప్పటికి కొలది సంవత్సరములకు ముందే నిజాము రాజ్యమున పారసీభాష తొలగి, దాని స్థానమున ఉర్దూ రాజభాష యయ్యెను. కచేరీలు, న్యాయస్థానములు ఆ భాషలో నడచుచుండెను. సర్కారు చదువులకు గూడ నదియే దారి. రాజ్యములోని ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. చేవెళ్ల పల్లెలలో పొలమున గాని, పొయ్యికడ గాని వినవచ్చు మాట తెలుగే.

ఆనాడు పల్లెపిల్లలకు దక్కిన చదువు చాలవరకు ఖాన్గీ బడులలోనిది. పంతులు అరుగుపై కూర్చుండును. పిల్లలు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుదురు, ఎక్కములు కలిసి వల్లింతురు, శతకపద్యములు కంఠస్థము చేయుదురు. ఆ చదువునందు లోపములు మెండు. బెత్త మెక్కువ, వివరణ తక్కువ. బాలికలు అరుదు, అంటరానివారని వెలివేయబడిన కులముల బిడ్డలకు ఆ యరుగు దరిదాపులకు గూడ ప్రవేశము లేదు. అయినను ఆ బడికి గొప్ప గుణ మొకటి యుండెను. సాయంకాలము పిల్లవాడు ఇంటికి వచ్చి పదునాల్గవ యెక్కము చెప్పుచు తడబడినచో, అక్షరము నేర్వని తాత సయితము తప్పు పట్టగలడు. పద్యము చదివినచో అవ్వ దానికి తగిన కథ చెప్పగలదు. బడిమాటయు ఇంటిమాటయు నొక్కటి యగుటచే పాఠము రాత్రి భోజనము వేళవరకు బ్రతికియుండెడిది.

సర్కారు చదువులో ఆ వీలు లేకపోయెను. బిడ్డ ఉర్దూ పుస్తకము తెచ్చి ఇంట తెరచినచో తల్లికి అది గోడతో సమానము. తండ్రికి కచేరీ సమను ఎంత తెలియునో ఆ పుస్తకము నంతే తెలియును. బిడ్డ యేమి నేర్చెనో, యేమి నేర్వలేదో విచారించు అధికారము ఇంటివారి చేతినుండి జారిపోయెను. బుద్ధిగల బిడ్డలు పరభాషను జయించి పైకి వచ్చిరి. తక్కినవారు రెండు మూడు తరగతులలోనే చదువు చాలించి, నేర్చిన నాలుగక్షరములను గూడ మరచిరి.

జయించినవారిలో రంగారెడ్డిగా రొకరు. ఉర్దూ నేర్చి, న్యాయశాస్త్రమును చదివి, వకీలై, హైదరాబాదున పేరు గాంచిరి. ఆ కాలపు న్యాయస్థానములలో వకీలునకు ప్రతిదినము కానవచ్చు దృశ్య మొకటి: తన భూమినిగూర్చి తనకు రాని భాషలో వ్రాసిన కాగితము క్రింద రైతు వ్రేలిముద్ర వేయుట. ఆ కాగితములో నేమున్నదో మరియొకరు చెప్పవలె. చెప్పినది సత్యమో కాదో తెలిసికొనుటకు రైతునకు దారి లేదు. చదువు ఇంటి కందనిచో భూమియు ఇంటికి నిలువదని తెలిసికొనుటకు ఆనాటి కచేరీ వరండాకంటె మంచి పాఠశాల లేదు.

ఈ దుస్థితిని మాన్పుటకు తెలంగాణమున ప్రయత్నములు గ్రంథాలయములతో నారంభమయ్యెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని లోకమునకు చూపెను. కాని ఆ దేశభాష ఉర్దూ యగుటచే తెలుగు బిడ్డకు చిక్కు తీరలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని పాఠశాలలో సంఘసంస్కార సభ జరుగగా, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినపుడు సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1920వ దశకముననే ఖాన్గీ బడి పెట్టదలచినవారు ముందుగ సర్కారు అనుమతి పొందవలెనను నిబంధన వచ్చి, పల్లెలలోని అరుగుబడులను పెక్కింటిని మూతపెట్టించెను. ఉన్న చిన్నదారియు నీ విధముగ మూయబడెను.

1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు హైదరాబాదున తెలుగు మాధ్యమముతో బాలికల పాఠశాలను నెలకొల్పిరి. తెలుగున చదివిన బాలికల పరీక్షలకు ఇచ్చట గుర్తింపు దొరకనందున, పూనాలోని కార్వే మహాశయుని మహిళా విశ్వవిద్యాలయముతో దానికి సంబంధము కల్పింపవలసి వచ్చెను. తెలుగు బాలిక తెలుగున చదువుటకు మహారాష్ట్రదేశపు ఆశ్రయము కోరవలసిన దినము లవి. ఆ పాఠశాలలో చదివిన బాలిక మరునాడు తల్లియగును. తల్లి చదివినయింట బడి మరల తెరవబడును. 1930లో జోగిపేటలో ప్రథమ నిజామురాష్ట్రాంధ్ర మహాసభతోపాటు మహిళాసభను గూడ జరుపుటలో పెద్దల దూరదృష్టి యిదియే.

రంగారెడ్డిగారు ఈ మహాసభోద్యమమునకు మూలస్తంభములలో నొకరు. 1936లో షాద్‌నగరున జరిగిన ఐదవ మహాసభకును, 1943లో హైదరాబాదున జరిగిన పదవ మహాసభకును వారు అధ్యక్షత వహించిరి. ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెననియు, నిర్బంధముగ అందరికి లభింపవలెననియు కోరుట ఆంధ్రోద్యమమునకు ప్రాణసమానమైన కోరిక. 1943 నాటికి మహాసభలో మితవాద, అతివాద పక్షములు పొటమరించి, చీలిక సమీపించుచుండెను. రంగారెడ్డిగారు మితవాద పక్షమువారు. వారి రాజకీయములను ఖండించినవారు పలువురు గలరు. అయినను బిడ్డకు తల్లిభాషలో తొలిచదువు అవసరమను విషయమున ఆ రెండు పక్షములకును భేదము లేదు.

తీర్మానములతో బడి నడువదని యెరిగిన కార్యవాది రంగారెడ్డిగారు. 1944లో హైదరాబాదున వెలసిన ఆంధ్ర విద్యాలయమునకు వారు ముఖ్య స్థాపకులు. అది క్రమముగ పెరిగి తరువాత కళాశాలయు నయ్యెను. మహాసభ వేదికపై కోరినదానిని నాలుగు గోడలు, నల్లబల్ల, ఉపాధ్యాయుడు అను రూపమున నిలబెట్టుట వారి జీవితకార్యములలో శ్రేష్ఠమైనది.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వ మంతరించెను. 1952లో ఏర్పడిన బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున రంగారెడ్డిగారు మంత్రులైరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందమున తెలంగాణము పక్షమున వ్రాలు చేసిన నలువురిలో వా రొకరు. తెలంగాణములోని విద్యాసౌకర్యములు తెలంగాణపు విద్యార్థులకే దక్కవలెనని ఆ యొప్పందము చెప్పినది. పరిపాలనలోను, న్యాయస్థానములలోను ఉర్దూకున్న స్థానమును ఐదేండ్లు కొనసాగింపవలెననియు చెప్పినది. ఈ రెండవ అంశమును గమనింపవలయును. ఉర్దూ మాధ్యమముతో జీవితమంతయు పోరాడిన పెద్దలు, అధికారము చేతికి వచ్చిననాడు ఉర్దూను రాత్రికి రాత్రి వెళ్లగొట్టుటకు ఒప్పుకొనలేదు. వారి పోరాటము ఒక భాషపైని ద్వేషము వలన పుట్టినది గాదు. బిడ్డకును ఇంటికిని నడుమ లేచిన గోడపై సాగిన పోరాటము.

అటుపిమ్మట దామోదరం సంజీవయ్యగారి మంత్రివర్గమున ఉపముఖ్యమంత్రి పదవి నిర్వహించి, 1970 జూలై 24వ తేదీన రంగారెడ్డిగారు కీర్తిశేషులైరి. న్యాయస్థానమున ఉర్దూతో వృత్తి సాగించిన ఆ వకీలు తన జీవితకథను తెలుగున చెప్పుకొని పోయిరి.

ఆ గోడ నేడు మరల లేచినది. 2022–23 విద్యాసంవత్సరము మొదలుకొని తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. పలువురు తలిదండ్రులు కోరుకొన్నది గూడ నదియే. తమ బిడ్డలు పట్నపు బిడ్డలకు తీసిపోరాదని వారి యాశ. ఆ యాశను నిందించుట తగదు. కాని దానివలన వచ్చిన మౌనమును పట్టించుకొనక తప్పదు. చేవెళ్ల సంతకు కూరగాయలు తెచ్చు తల్లి, మొయినాబాదు పూలతోటలో పనిచేయు తండ్రి, బిడ్డ పుస్తకమును చూచి తమవలన కాదని ప్రక్కకు తొలగుచున్నారు. 1900వ సంవత్సరమున ఉర్దూ పుస్తకము ముందు నిలిచిన తండ్రి తొలగుటయు నిట్లే.

అప్పటికిని ఇప్పటికిని ఒక భేదము గలదు. అది మనకు మేలైనది. ప్రభుత్వ మిచ్చు పాఠ్యపుస్తకములలో ఒక పుట ఆంగ్లమున, దాని యెదుటి పుట తెలుగున ముద్రింపబడినది. గోడలో కిటికీ ఉన్నది, తెరచువారు కావలెను. తల్లి తెలుగు పుటను చదువవచ్చును, బిడ్డ ఆంగ్లపుటను చదువవచ్చును. తల్లికి చదువు రాకున్నచో బిడ్డయే తెలుగు పుటను తల్లికి చదివి వినిపింపవచ్చును. బిడ్డ ఒకరికి చెప్పగలిగినదే బిడ్డకు నిజముగ వచ్చినట్లు. బడిలో నేమి జరిగెనో చెప్పుమని అడిగి, చెప్పువరకు ఓపికతో వినుట పండితులకే సాధ్యమగు కార్యము గాదు.

లెక్కల విషయమున పల్లెయింటికి పట్నపుటింటికి లేని భాగ్య మున్నది. ఎకరమునకు నలువది గుంటలు, గుంటకు 121 చదరపు గజములు; తన పొలము గట్టువెంట నడచి కొలిచిన నాల్గవ తరగతి బాలునకు వైశాల్యమన నేమో మరియొకరు చెప్పనక్కరలేదు. టమాట పెట్టెలు లెక్కించి, పెట్టె ధరతో హెచ్చించి, బండి కిరాయి తీసివేసిన బాలికకు హెచ్చవేతయు తీసివేతయు నొక్క సాయంకాలముననే వచ్చును. మూసీ వరద 1908లో నగరమును ముంచిన పిమ్మట ఆ నదిపై 1920లో ఉస్మాన్‌సాగరమును, ఈసీ నదిపై 1927లో హిమాయత్‌సాగరమును ఎట్లు కట్టిరో తాత చెప్పినచో, పరిసరముల పాఠము పుస్తకమునుండి దిగి బిడ్డ కన్నులయెదుట నిలుచును.

చేయరానివియు కొన్ని గలవు. బిడ్డకు బదులు పెద్దలు వ్రాసిపెట్టరాదు. తప్పు వ్రాసెనని కొట్టరాదు. ఒకే మాటను నూరుసార్లు వ్రాయించుటను చదువనరాదు. 2020 నాటి కేంద్రప్రభుత్వపు బడిసంచి విధానమే రెండవ తరగతివరకు ఇంటిపని వలదనియు, మూడునుండి ఐదు తరగతులకు వారమునకు రెండుగంటలు మించరాదనియు చెప్పుచున్నది. చిన్నబిడ్డకు కావలసినది అధికభారము గాదు. దినమున కొక పావుగంట, పెద్దలలో నొకరు ఫోను ప్రక్కనబెట్టి తనతో కూర్చుండుట. 2020 నాటి జాతీయ విద్యావిధానము సయితము కనీసము ఐదవ తరగతివరకు సాధ్యమైనచోట నెల్ల ఇంటిభాషలో బోధన జరుగవలెనని చెప్పియున్నది. బడిలో నది నెరవేరనిచోట ఇంటనైనను నెరవేరవలయును.

భూవసతి గలవారికిని, పట్టణములలోని విద్యావంతులకును ఇందు విశేష బాధ్యత గలదు. వారి బిడ్డలకు ఉపాధ్యాయులను ఇంటికి పిలిపించుకొను శక్తి యున్నది. వారి పొలమున పనిచేయువారి బిడ్డలకు లేదు. గ్రామపు చావడిలోనో, పంచాయతీ కార్యాలయమునందో సాయంకాలము దీపము వెలిగించి, చదువు వచ్చిన యువకు డొకడు పదిమంది బిడ్డల పాఠము వినునట్లు ఏర్పాటు చేయుటకు గొప్ప ధన మక్కరలేదు. కొన్ని తెలుగు కథలపుస్తకములు, ఒక నల్లబల్ల, క్రమము తప్పని ఒక గంటకాలము చాలును. ఆనాటి అరుగుబడిలోని మంచిని గ్రహించి, దాని కులభేదమును బెత్తమును విడిచిపెట్టినచో, ప్రతి గ్రామమునను ఇట్టి చావడి నిలువగలదు.

పెద్దమంగళారమున పుట్టిన రైతుబిడ్డ పరభాషను నేర్చి గెలిచి, తాను గెలిచితినని తృప్తిపడక, తక్కిన బిడ్డలు ఓడిపోకుండుటకు బడి కట్టించెను. జిల్లాకు పేరు పెట్టి ఆ ఋణమును తీర్చితిమని మన మనుకొనరాదు. ఆ జిల్లాలోని ప్రతియింట సాయంకాలము బిడ్డ నోట బడిపాఠము వినబడిననాడే ఆ ఋణము తీరును.