మన్యం నమ్మిన మాట

1923 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు అన్నవరం కొండనెక్కి సత్యనారాయణస్వామిని దర్శించుకున్నారు. అప్పటికాయన కోసం బ్రిటిషు ప్రభుత్వం మన్యమంతా గాలిస్తున్నది. సత్యమే పేరుగా గల స్వామి సన్నిధి ఆయనకు తగినదే.

1897లో పాండ్రంగిలో జన్మించిన రాజు యౌవనంలోనే ఉత్తరదేశ తీర్థాలు సేవించి, 1917లో తూర్పుకనుమల చెంతనున్న కృష్ణదేవిపేట చేరారు. అరకులోయ సహా విశాఖ మన్యం 2022 నుండి ఆయన పేరిటి జిల్లాలో ఉన్నది. విల్లు పట్టకముందు ఐదేళ్ళపాటు ఆయన పని జపతపాలు, మూలికావైద్యం, తగవులు తీర్చడం, కల్లు మాన్పించడం. దళం నిజానికి ఆ రోజుల్లోనే రూపుదిద్దుకున్నదనాలి.

ఆ దళంలోని వారు ఒకే తీరు మనుషులు కారు. గూడెం తహసీల్దారు బాస్టియన్ మూలంగా మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర, ఆయన సోదరుడు మల్లుదొర, మైదానసీమ నుండి వచ్చిన అగ్గిరాజు. ఎవరి అభిమానం వారిది, ఎవరి కడుపుమంట వారిది. లంబసింగి రోడ్డు పనిలో కూలి దక్కని గిరిజనుల గోడు సరేసరి. ఇందరిని ఒక్క త్రాటిపై నిలపడం ఎలా?

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసి 26 తుపాకులు సంపాదించారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. చెరపడినవానిని నాయకుడు మరువడని దళం కళ్ళారా చూసింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉండి, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, తెల్ల అధికారులపైనే గురిపెట్టారు. గురి తప్పని చేతులకు ఆగడం కూడా నేర్పడం సామాన్యం కాదు.

దాడికి ముందే మిరపకాయ టపాతో కబురంపడం ఆయన పద్ధతి. అక్టోబరు 15న అడ్డతీగలపైకి ముందుగా చాటే వెళ్ళారు. పోలీసులు అప్పటికే ఆయుధాలను తరలించారు. దళానికి దక్కినవి లేవు. యుద్ధనీతి తెలిసినవారికిది నష్టమే. కానీ శత్రువుకిచ్చిన మాటనే తప్పనివాడు తమకిచ్చిన మాట తప్పుతాడా? అనుచరుల నమ్మకానికి మూలం ఇదేనని తోస్తుంది.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. 1924లో రూథర్‌ఫర్డు వచ్చాక గూడేలపై ఒత్తిడి మరింత తీవ్రమైంది. మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళయినా నిండలేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉన్నది.

నాయకుడు లేని పోరు ఆ రోజుతోనే ముగియవలసింది. గంటందొర ఆయుధం దించలేదు. సరిగ్గా నెలకు, జూన్ 7న, పోరాడుతూనే నేలకొరిగారు. ఉరిశిక్ష తప్పి అండమాను చేరిన మల్లుదొర మాత్రం తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.