జ్యూయెట్టు గారి ఓరిమి

సంవత్సరాది వచ్చినదంటే ఈ ఏడైనా మన కోరిక తీరుతుందా అని ప్రతి ఇంటా ఒక ప్రశ్న. సొంత ప్రాంతానికి బదిలీ, కుర్రవాడికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, మంచం పట్టినవారికి ఆరోగ్యం, ఎవరి ప్రశ్న వారిది. కొన్నిటికి ఆ ఏడు జవాబు రాదు, మరుసటి ఏడూ రాదు. అలాంటి కాలంలో దేవునిపై నమ్మకం చెదరనీయక నిలుపుకొన్న ఒక మహనీయుని జీవితాన్ని సంఘ సభ్యుల ముందుంచుతున్నాను. ఆయన పుట్టుకచేత మనవారు కారు. కాని తన ఆయుష్షులో ఎన్నో ఏళ్ళు తెలుగువారి కోసమే ఖర్చు చేశారు.

లైమన్ జ్యూయెట్టు గారు 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, వాటర్‌ఫర్డ్ అనే ఊరిలో జన్మించారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోను, న్యూటన్ దైవశాస్త్ర కళాశాలలోను చదివారు. 1848లో భార్య యూఫీమియాతో ఓడ ఎక్కి, 1849లో నెల్లూరు చేరారు.

నెల్లూరులోని బాప్టిస్టు మిషను అప్పటికే కష్టదశలో ఉన్నది. దానిని స్థాపించిన శామ్యూల్ డే గారు 1836లో మన దేశానికి వచ్చి, విశాఖపట్టణం, శ్రీకాకుళం ప్రాంతాలు చూచి, మద్రాసులోని తెలుగువారి నడుమ కొంతకాలం పని చేసి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళి, జ్యూయెట్టు గారితోపాటు తిరిగి వచ్చారు గాని, 1853లో శాశ్వతంగా వెళ్ళిపోవలసి వచ్చినది. ఇన్ని సంవత్సరాల శ్రమకు ఫలం వ్రేళ్ళమీద లెక్కించదగినంత మంది విశ్వాసులు. ఖర్చు మాత్రం ఏటేటా తప్పదు.

అమెరికాలోని సంఘం పెద్దలు ఈ మిషనును మూసివేద్దామా అని మూడు పర్యాయాలు ఆలోచించారు. 1848లో ఒకసారి, 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో మరొకసారి, 1862లో ప్రావిడెన్సు సభలో ఇంకొకసారి. ఆల్బనీ సభలో ఒక వక్త గోడమీది పటంలో నెల్లూరును చూపి, అది ఒంటరి నక్షత్రమని వర్ణించారట. ఆ రాత్రే శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ పేరుతో ఒక గీతం వ్రాశారు. మిషను నిలిచినది. ఒంటరి నక్షత్రమనే పేరు కూడ దానికి నిలిచిపోయినది.

ఆ తరువాతి కొత్త సంవత్సరం ఉదయాన జరిగినది ఈ జీవితానికి ముఖ్య ఘట్టం. నెల్లూరుకు ఉత్తరాన ఉన్న ఒంగోలుకు జ్యూయెట్టు దంపతులు సువార్త ప్రయాణం చేశారు. ఇప్పుడు రైలులో రెండు గంటలైనా పట్టని దారి అది. అప్పుడు ఆ దారిన రైలు లేదు. ఒంగోలులో వారి మాటలు విన్నవారికంటె గేలి చేసినవారే ఎక్కువ. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే ఐదుగురు ఊరి ప్రక్కనున్న కొండ ఎక్కారు. జ్యూయెట్టు గారు, ఆయన భార్య, బోధకుడు నరసు, నెల్లూరు విశ్వాసులైన జూలియా, రూతు. ఒకరి తరువాత ఒకరు మోకరించి, ఈ ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొన్నారు. సూర్యుడు ఉదయించాడు. కొండ దిగి, మరల నెల్లూరు వెళ్ళి, ఎప్పటి పనిలో పడ్డారు.

ఆ సంవత్సరం ఎవరూ రాలేదు. మరుసటి సంవత్సరమూ ఒంగోలుకు ఎవరూ రాలేదు. ఇట్లు పన్నెండేళ్ళు గడిచినవి.

మన రైల్వేలో బండి ఆలస్యమైతే ఎన్ని గంటలు ఆలస్యమో బోర్డుమీద వ్రాసి పెడతాము. అది చూచి ప్రయాణికుడు గొణుగుకొంటూనైనా కూర్చుంటాడు. ఆ కొండమీది ప్రార్థనకు అలాంటి బోర్డు ఏదీ లేదు. పన్నెండేళ్ళు అని ముందే తెలిసి ఉంటే ఎదురుచూపు కొంత సులువు. తెలియక ఎదురుచూచుటలోనే నమ్మకానికి పరీక్ష. జ్యూయెట్టు గారు ఆ కాలాన్ని నిట్టూర్పులతో గడపలేదు. తెలుగు నేర్చి, ఊరూరా తిరిగి, తెలుగులోనే బోధించారు. చేతిలో ఉన్న పని చేస్తూ రానిదానికోసం ప్రార్థించారు.

1862 నాటికి ఆరోగ్యం చెడి ఆయన అమెరికాలో ఉన్నారు. మిషనును వదిలివేయుటకు పెద్దలు దాదాపు నిశ్చయించుకొన్నారు. ఆయన మాత్రం ఒప్పుకొనలేదు. సంఘం సహాయం చేయకపోయినా తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళి, తెలుగువారి మధ్యనే బ్రతికి, అవసరమైతే అక్కడే చనిపోతానని స్పష్టం చేశారు. మనిషి ఇంత గట్టిగా నిలిస్తే పెద్దలు మాత్రం ఏమి చేయగలరు? మిషను మరల నిలిచినది. 1864 చివర ఆయన తెరచాప ఓడలో బయలుదేరినప్పుడు వెంట ఒక యువకుడు ఉన్నాడు. ఆయనే జాన్ క్లౌ. 1865లో ఇద్దరూ మద్రాసులో దిగారు. 1866లో క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు. పన్నెండేళ్ళ క్రిందట కొండమీద అడిగిన సేవకుడు ఆయనే.

అయితే జవాబు వచ్చిన త్రోవ ఎవరూ ఊహించినది కాదు. అగ్రవర్ణాలవారు ముందు వస్తే తక్కినవారు వెంట వస్తారని ఆ రోజులలో పలువురు మిషనరీలు తలచేవారు. వచ్చినది తోళ్ళ వ్యాపారం చేసుకొనే మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన కూడ ఎన్నో ఏళ్ళుగా యోగమార్గంలో సత్యాన్ని వెదకుచున్నవాడే. వ్యాపారం పనిమీద ఏలూరు వెళ్ళినప్పుడు సువార్త విని, 1866లో భార్యతో కూడ బాప్తిస్మం పొందారు. ఆ తరువాత తనవారి పల్లెలు తిరిగి చెప్పినది ఆయనే. ఒకరు కొండమీద ఎదురుచూచుచుండగా మరొకరు పల్లెలో ఎదురుచూచుచున్నారన్నమాట. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడినది.

1876 నుండి 1878 వరకు దక్షిణదేశంలో దారుణమైన క్షామం. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపారు. ఆ నెలలలో తిండికోసం ఎవరూ మతం పుచ్చుకొనరాదని బాప్తిస్మాలు ఆపివేశారు. క్షామ సహాయం ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు తెలుగు బోధకులు.

అదే 1878లో జ్యూయెట్టు గారు మద్రాసులోని తెలుగువారికోసం అక్కడ మిషను పని ఆరంభించారు. సొంత గడ్డకు దూరంగా బ్రతికే తెలుగువారిని ఆయన మరువలేదన్నది మనవంటి ప్రవాసులు గుర్తుంచుకోదగిన సంగతి. తెలుగు బైబిలు అనువాదాన్ని సవరించే పనిలో కూడ ఎంతో శ్రమించారు. వార్ధక్యంలో స్వదేశం చేరి 1897లో కన్నుమూశారు. ఆరేళ్ళ తరువాత, 1903లో, నెల్లూరు నుండి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళి, చెరకు, తేయాకు తోటలలో కూలి చేసే తెలుగువారికి సేవ చేశారు. మూసివేయబోయిన మిషను సముద్రం దాటి ప్రవాసులను పలకరించినది.

జ్యూయెట్టు గారి పేర ఒంగోలులో ఒక ఆలయం ఉన్నది. ఆ పేరు చదివినప్పుడు మనం తలచుకోవలసినది ఏటి ఒడ్డున 1878లో కూడిన జనసమూహాన్ని మాత్రమే కాదు. ఆనాడు నీటిలో దిగినవారి లెక్క గ్రంథాలలో ఉన్నది. అంతకుముందు ఏమీ జరగని సంవత్సరాలలో, ఏ లెక్కకూ ఎక్కని మామూలు రోజులలో, ఉదయాన్నే లేచి పనికి వెళ్ళిన మనిషిని కూడ తలచుకోవాలి. ఏ మతస్థులమైనా ఈ ఏటి పంచాంగంలో కనిపించని జవాబుకోసం ఎదురుచూచే మనకు ఆ మనిషి దగ్గరి బంధువు.