బుకర్ టి. వాషింగ్టన్

ధనము లేనివారికి ఉన్నత విద్య అందని మ్రానిపండని పలువురు తలంతురు. అప్పు చేసియైనను చదువవలెనని కొందరును, అప్పులపాలగుటకంటె చదువు మానుటయే మేలని కొందరును చెప్పుదురు. ఒడలి కష్టమునే మూలధనముగా చేసికొని చదువుకొని, తనవంటి వేలకొలది బీదలకు ఆ త్రోవనే చూపిన మహనీయుడు బుకర్ టి. వాషింగ్టన్.

ఆతడు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా యందు 1856వ సంవత్సరమున జన్మించెను. తల్లి జేన్ ఒక భూస్వామి యింట వంటచేయు బానిస. బానిస కన్నబిడ్డయు నాటి చట్టమును బట్టి బానిసయే. నల్లజాతి బానిసలకు బడి పెట్టి చదువు చెప్పుట ఆ రాష్ట్ర చట్టమునకు విరుద్ధము. యజమానుని యింటి బాలిక పుస్తకములను మోసికొని బడి గుమ్మము వరకు పోవుటయే గాని, లోపల అడుగిడు భాగ్యము బుకరునకు లేకుండెను.

1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలు విముక్తులైరి. జేన్ తన బిడ్డలతో వెస్ట్ వర్జీనియాలోని మాల్డెన్ అను ఊరు చేరెను. అచట మారుతండ్రి ఉప్పు బట్టీలలో పనిచేయుచుండెను. అతడు నింపిన పీపాలపై వేయు 18 అను అంకెయే బుకర్ మొట్టమొదట నేర్చినది. ఊరిలో బడి వెలసిన పిదప అతడు తెల్లవారకమునుపే లేచి తొమ్మిది గంటల వరకు బట్టీలో పనిచేసి, బడికి పోయి, బడి విడిచిన వెంటనే మరల రెండు గంటలు పనిచేసెడివాడు. కొంతకాలమునకు బొగ్గు గనిలో పనికి కుదిరెను.

ఒకనాడు గనిలో ఇద్దరు పనివాండ్రు హాంప్టన్ అను చోట నల్లజాతివారికై నెలకొల్పిన విద్యాలయమును గూర్చి ముచ్చటించుకొనుచుండిరి. బుకర్ ఆ చీకటిలో సవ్వడి చేయక వారి చేరువకు ప్రాకి చెవియొగ్గెను. బీద విద్యార్థులు పనిచేసి తమ భోజన వ్యయమును తీర్చుకొనవచ్చునని వినినంతనే అతని గుండె పొంగెను. ఆ ఊరు ఏ దిక్కున నున్నదో, ఎంత దూరమో తెలియకున్నను, అచటికి పోవలెననుటయే అతని ధ్యాస. పిమ్మట గనిని విడిచి రఫ్నర్ అను ధనికుని యింట నెలకు 5 డాలరుల జీతమునకు కుదిరెను. ఆ యింటి యజమానురాలు మిక్కిలి నిక్కచ్చి మనిషి. ఎచటను ధూళి కనబడరాదు. ఏ పనియు సగములో విడువరాదు. ఇతర బాలురు రెండు మూడు వారములైనను నిలువలేకపోగా, బుకర్ ఓర్పుతో నిలిచి ఆమె కోరిన శుభ్రతను నేర్చుకొనెను.

1872లో అతడు హాంప్టనునకు బయలుదేరెను. దూరము దాదాపు 500 మైళ్ళు. తల్లి జబ్బుతో నుండెను. అన్న జాన్ తన కూలి డబ్బులలో కొంత యిచ్చెను. బానిసత్వములోనే ఏండ్లు గడపిన ఊరి ముదుసలులు ఒకరు చిన్న నాణెమును, మరియొకరు చేతిరుమాలును తెచ్చి యిచ్చి సాగనంపిరి. త్రోవలో ఒక పూటయింటివారు, ఒడలి రంగును చూచి, అతనికి చోటీయలేదు. చలికి కొంకర్లు పోకుండుటకై అతడు ఆ రాత్రి యంతయు అటునిటు తిరిగెను. రిచ్మండ్ నగరము చేరునప్పటికి చేతిలో చిల్లిగవ్వయు లేదు. చెక్కలతో ఎత్తుగా కట్టిన కాలిబాట క్రింద రాత్రులు పండుకొని, పగలు ఓడనుండి ఇనుప దిమ్మెలు దింపి కూలి కూడబెట్టెను. హాంప్టనులో అడుగిడునప్పుడు అతని వద్ద మిగిలినది 50 సెంట్లు.

చినిగిన బట్టలతో నున్న ఆ బాలుని చేర్చుకొనుటకు ప్రధానోపాధ్యాయిని మేరీ మాకీ సందేహించెను. కొన్ని గంటలు గడచిన పిదప ఒక గదిని ఊడ్చుమని చెప్పెను. తన భవిష్యత్తంతయు ఆ చీపురుమీదనే యున్నదని బుకర్ గ్రహించెను. గదిని మూడు మారులు ఊడ్చి, బల్లలను గోడలను నాలుగు మారులు తుడిచెను. ఆమె తన రుమాలుతో బల్లలను రుద్ది చూచెను. ఇసుమంతయు దుమ్ము అంటలేదు. అదియే అతని ప్రవేశ పరీక్ష. విద్యాలయ భవనమును శుభ్రపరచు పనియు అతనికే యొసగిరి.

భోజన వసతులకు నెలకు 10 డాలరులు కావలెను. నాలుగు గంటలకే లేచి నిప్పు రాజవేయుట, రాత్రి ప్రొద్దుపోవు వరకు గదులు ఊడ్చుట — ఈ పనులవలన అందులో అధికభాగము తీరెను. ఏడాదికి 70 డాలరుల బోధన రుసుము మాత్రము అతని శక్తికి మించినది. న్యూబెడ్‌ఫర్డ్ పురవాసి గ్రిఫిట్స్ మోర్గన్ అను దాత దానిని చెల్లించెను. పుస్తకములు తోటివారివద్ద ఎరువు తెచ్చుకొనెను. ఉన్న ఒక్క జత మేజోళ్ళను రాత్రి ఉదికి, నిప్పుచెంత ఆరవేసి, తెల్లవారగనే తొడిగికొనెడివాడు.

ఇంత చేసియు మొదటి సంవత్సరాంతమున 16 డాలరులు బాకీపడెను. అది తీర్చనిదే మరల బడిలో కాలుపెట్టరాదని తలంచి, సెలవులలో ఒక భోజనశాలలో పనికి కుదిరెను. జీతము తిండికే చాలీచాలకుండెను. ఒకనాడు బల్ల క్రింద 10 డాలరుల క్రొత్త నోటు కనబడెను. బాకీలో సగమునకు పైగా తీరును, చూచినవారు లేరు. ఐనను బుకర్ ఆ సంగతి యజమానునికి తెలిపెను. చోటు తనది గావున నోటును తనదేనని అతడు దానిని దాచుకొనెను. సెలవులు ముగిసినవి, బాకీ అట్లే యున్నది. బుకర్ కోశాధికారి కడకు పోయి ఉన్నదున్నట్లు చెప్పెను. వీలైనప్పుడే తీర్చవచ్చునని ఆయన నమ్మి చేర్చుకొనెను. బుకర్ మరల చీపురు పట్టి, 1875లో పట్టము పొందెను. తరువాత మాల్డెనులో ఉపాధ్యాయుడై, ఆర్జించిన సొమ్ముతో అన్న జాన్‌ను హాంప్టనునకు పంపెను.

1881 జూలై 4వ తేదీన అలబామా రాష్ట్రములోని టస్కీగీయందు 30 మంది విద్యార్థులతో అతడు విద్యాలయము ప్రారంభించెను. ప్రభుత్వమిచ్చు ఏటి 2,000 డాలరులు ఉపాధ్యాయుల జీతములకే పరిమితము. చదువ వచ్చి మట్టి పనులేలయని విద్యార్థులు మొగము ముడిచిరి. అతడు తానే గొడ్డలి చేపట్టి అడవి నరుకగా, వారును వెంట నడచిరి. ఇటుక బట్టీ మూడుమారులు చెడెను. తన గడియారమును 15 డాలరులకు కుదువబెట్టి నాలుగవ బట్టీ వేయగా ఇటుకలు చక్కగా కాలెను. గడియారము తిరిగి రాలేదు. ఆ ఇటుకలతో భవనములు లేచెను. 1884లో రాత్రిబడి వెలసెను. నిరుపేదలు పగలు పది గంటలు పనిచేసి, రాత్రి రెండు గంటలు చదివెడివారు. వారి కూలి విద్యాలయమున నిలువయై, పిదప పగటిబడిలో చదువునప్పుడు భోజన వ్యయమునకు అక్కరకు వచ్చెడిది.

చేతిపనుల చదువునకే అగ్రస్థానమిచ్చి, ఉన్నత శాస్త్రవిద్యను, పౌరహక్కులను వెనుకబెట్టెనని డుబోయిస్ అను పండితుడు 1903లో అతనిని ఆక్షేపించెను. ఆ వాదము చిరకాలము సాగెను. ఐనను 1915 నవంబరు 14న వాషింగ్టన్ మరణించునాటికి టస్కీగీలో నూరింటికి పైగా భవనములును, దాదాపు 1,500 మంది విద్యార్థులును ఉండిరి.

అతని చదువు ఒక్కని కష్టముచే సాగినది గాదు. అన్న కూలియు, దాత రుసుమును, ముదుసలుల చిల్లర నాణెములును అందు కలసియున్నవి. తాను పొందిన సాయమును అతడు మరచిపోలేదు. దానిని ఇతరులకు పనిరూపమున అందించెను. ఏ పనియు నీచము గాదనియు, చేపట్టిన పనిని కొఱత లేకుండ చేయువానికి తలుపులు తెఱచుకొనుననియు హాంప్టనులో ఊడ్చిన ఆ గది మనకు బోధించుచున్నది.