పార పట్టిన పండితుడు: పియేర్ సెరెసోల్ జీవితము

వాక్యభాగములు: నెహెమ్యా 2:11–18, యెషయా 58:12, లూకా 13:1–5



తుపానులో ఇండ్లు పోగొట్టుకొన్న తీరపు పల్లెలకు వెళ్లి గోడలు లేపుటకు మన సంఘములనుండి కొందరు యౌవనస్థులు పేర్లు ఇచ్చియున్నారు. వారిలో తాపీపని తెలిసినవారు ఇద్దరు, వడ్రంగము తెలిసినవాడు ఒకడు. తక్కినవారు కాలేజీ పిల్లలు, పొలము పనివారు. బయలుదేరకముందు నాలుగు శనివారములు కూడుకొని ప్రార్థించి, వాక్యము ధ్యానించి, పని నేర్చుకొనవలెనని పెద్దలు నిర్ణయించిరి. ఆ కూటములలో చెప్పిన ఒక మనుష్యుని జీవితమును పత్రికలో వ్రాయుమని పలువురు నన్నడిగిరి. ఆయన పేరు పియేర్ సెరెసోల్. ఐరోపాలో సమాధానము కోరువారు బాగుగా ఎరిగిన పేరది. మన దేశమునకు వచ్చి మన మట్టి మోసినవాడైనను, కేరీ, లివింగ్‌స్టన్ పేర్లవలె ఆయన పేరు మన గుడులలో వినబడదు.

ఆయన 1879 ఆగస్టు 17న స్విట్జర్లాండు దేశములోని లొజాన్ పట్టణమందు పుట్టెను. తండ్రి పాల్ సెరెసోల్ సామాన్యుడు కాడు. 1873లో ఆ దేశమునకు అధ్యక్షుడుగా నుండెను; సైన్యములోను పెద్ద హోదా గలవాడు. తల్లి ఈయన బాల్యమందే చనిపోయెను. పియేర్ గణితములో చురుకైనవాడు. జూరిక్ నగరములోని గొప్ప సాంకేతిక కళాశాలలో ఇంజనీరు చదువు చదివి, పండిత పట్టము పొంది, జర్మనీ దేశమందును చదివెను. కోరినయెడల మంచి ఉద్యోగము దొరికెడిదే. అయితే ఆయన అమెరికాకు పోయి అక్కడ కూలిపని చేసెను. హవాయి దీవులలో పాఠములు చెప్పెను. జపానులో ఇంజనీరుగా పనిచేసెను. పెద్దింటి బిడ్డ ఇట్లు దేశములు పట్టి తిరుగుచుండగా బంధువులు ఏమనుకొనిరో మనము ఊహింపవచ్చును.

1914లో స్వదేశమునకు తిరిగి వచ్చునప్పటికి ఐరోపా అంతయు యుద్ధములో మునుగుచుండెను. తండ్రి ఆస్తిలో తనకు వచ్చిన భాగము తాను కష్టపడి సంపాదించినది కాదని తలంచి, దానిని ప్రభుత్వమునకే ఇచ్చివేసెను. ఆరోగ్యము చాలనందున ఆయన సైన్యములో చేరనక్కరలేదు గాని, చేరనివారు దానికి బదులు పన్ను కట్టవలెను. క్రీస్తును వెంబడించువాడు ఆ పన్ను కట్టరాదని ఆయన నిశ్చయించుకొనెను. 1917లో దానిని నిరాకరించి చెరసాలకు పోయెను. తరువాత మరి పలుమార్లు పోయెను.

ఇచ్చట ఒక మాట చెప్పుదును. ఈ విషయములో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవింపలేను. మన సంఘములలో కుమారులను సరిహద్దుకు పంపి ప్రతి ఆదివారము వారికొరకు ప్రార్థించు తల్లులున్నారు. రోమా పత్రిక 13వ అధ్యాయమును నేను చింపివేయలేను. అయినను ఆయన తన నమ్మకమునకు వెలను తానే చెల్లించెను, ఇతరులచేత చెల్లింపలేదు. అందుచేత ఆయన మాట వినదగినదని యెంచుచున్నాను.

యుద్ధము ముగిసిన తరువాత, 1919లో, వేర్వేరు దేశముల క్రైస్తవులు కొందరు హాలండు దేశమందలి బిల్తోవెన్‌లో కూడుకొనిరి. నిన్నటివరకు ఒకరినొకరు కాల్చుకొన్న దేశములవారు ఒక గదిలో మోకరించుట చిన్న సంగతి కాదు. సెరెసోల్ ఆ సహవాసమునకు కార్యదర్శి ఆయెను. మరుసటి సంవత్సరమును కూడిరి. తీర్మానములు చేసిరి, ప్రసంగించిరి, ప్రార్థించిరి. అప్పుడు జర్మనీనుండి వచ్చిన ఒక సహోదరుడు లేచి, తనవారు ఫ్రాన్సులో పాడుచేసిన చోటికి పోయి చేతులతో బాగుచేయ గోరుచున్నానని చెప్పెను. ఆ మాట సెరెసోల్ హృదయములో నాటుకొనెను. మన సభలలో ఎన్ని తీర్మానములు మినిట్సు పుస్తకములో నిద్రించుచున్నవో నాకు తెలియును గనుక, ఈ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును.

ఫ్రాన్సులో వెర్దన్ అను చోట 1916లో పది నెలలు యుద్ధము జరిగి, ఇరువైపుల కలిపి సుమారు 3 లక్షలమంది చనిపోయిరి. దాని దాపున ఎన్ అను చిన్న పల్లె కలదు. అది నేలమట్టమైనది. ఇండ్లు లేవు, పొలములనిండ గుండ్లు పడిన గుంటలు, పేలక మిగిలిన గుండ్లు, ముండ్ల తీగలు. 1920 నవంబరులో సెరెసోల్, హ్యూబర్ట్ పారిస్ అను ఆంగ్లేయ క్వేకరు సహోదరునితోను మరి కొద్దిమందితోను అక్కడికి వెళ్లెను. ఆ జట్టులో జర్మనులుండిరి. తాత్కాలికమైన కొయ్య ఇండ్లు నిలిపిరి, బాట బాగుచేసిరి, గుంటలు పూడ్చిరి. చలికాలమంతయు జీతము లేక పనిచేసిరి.

ఆ పల్లెవారి స్థితిని మనము తలంచవలెను. కుమారుని చంపినవారి జాతివాడు వచ్చి, కూలిన నీ ఇంటిముందు నిలిచి, గోడ కట్టుదునని అడిగినయెడల మనము ఏమనుదుము? కొందరు ఆదరించిరి, కొందరు ఓర్వలేకపోయిరి. అధికారులకు జర్మనులుండుట ఇష్టము లేకపోయెను. 1921 వసంతకాలమునకు ఆ పని నిలిచిపోయెను. లోకరీతిగా చూచిన అది ఓటమి. నాలుగు కొయ్య ఇండ్లు, కొంత బాట. అంతే.

సెరెసోల్ చాలించుకొనలేదు. 1924లో స్విట్జర్లాండు కొండలలో ఓర్మాన్ లోయలో మంచుచరియ విరుచుకొనిపడి పొలములను ఇండ్లను పాడుచేసెను. ఆయన మరల స్వచ్ఛంద సేవకులను పిలిచెను. ఈ మారు ఆయనకు తోడుగా వచ్చినది ఎవరు? స్వంత అన్నదమ్ముడు ఎర్నెస్ట్. అతడు సైన్యములో కర్నలు! ఒకడు సైన్యపు పన్ను కట్టక చెరకు పోయినవాడు, ఒకడు సైన్యాధికారి. వాదములో కలియని ఆ సోదరులు రాళ్లు మోయుటలో కలిసిరి. పని క్రమమును, వేళకు లేచుటను, పనిముట్లు లెక్కపెట్టుటను ఆ కర్నలే నేర్పెను. మన సంఘములలో ఒకే తండ్రి బిడ్డలు గట్టు తగాదాలతో బల్లయొద్దకు రాకుండుటను ఎరిగినవాడను గనుక, ఈ సంగతి నాకు మిక్కిలి ఇష్టము.

1927 సెప్టెంబరులో రైను నది గట్టు తెగి లిక్టెన్‌స్టైన్ అను చిన్న దేశమును ముంచెను. పొలములమీద ఒండ్రు, రాళ్లు మేటలు వేసెను. 1928లో అక్కడ పనిచేయుటకు అనేక దేశములనుండి 700 మందికి పైగా స్వచ్ఛంద సేవకులు వచ్చిరి. ఎన్ పల్లెలో ఓడిన పని ఎనిమిదేండ్లలో అంత ఆయెను. అటు తరువాత 1930లో ఫ్రాన్సు వరదలకును, 1931లో వేల్సు దేశమందు గనులు మూతబడి పనిలేక కృశించు బ్రిన్‌మార్ అను ఊరికిని వెళ్లిరి.

వారి కట్టుబాట్లు మన యౌవనస్థులు గమనింపవలసినవి. సేవకునికి జీతము లేదు. తిండియు, పండుకొనుటకు చోటును మాత్రమే. కూలివాని కూలిని చెడగొట్టు పని చేయరాదు; ఊరివారు తామై చేసికొనలేని పనికే చేయివేయవలెను. ఒకరి మతమును, దేశమును ఎగతాళి చేయరాదు. వంట చేయుచు, బట్టలుతుకుచు వచ్చిన స్త్రీలును ఆ జట్టులో సహోదరీలే గాని పనికత్తెలు కారు. వారి గుర్తుగా కత్తిని విరుచుచున్న పారను పెట్టుకొనిరి. యెషయా 2వ అధ్యాయము ఎరిగినవారికి దాని అర్థము విప్పనక్కరలేదు.

1931 డిసెంబరులో గాంధీజీ లండనునుండి తిరిగివచ్చుచు స్విట్జర్లాండులో దిగినప్పుడు సెరెసోల్ ఆయనను కలిసికొనెను. రెండేండ్లు దాటిన కొలదికాలమునకే మన దేశమునకు రావలసిన అవసరము కలిగెను.

1934 జనవరి 15 మధ్యాహ్నము రెండు గంటలు దాటిన కొలది నిమిషములకు ఉత్తర బీహారులో గొప్ప భూకంపము కలిగెను. ముజఫర్‌పూరు, దర్భంగా, చంపారన్, ముంగేరు ప్రాంతములు కూలెను. నేపాళముతో కలిపి 10,000 మందికి పైగా మరణించిరి. నేల నెరలు విచ్చి, లోపలినుండి నీళ్లును ఇసుకయు చిమ్మి, పంట పొలములమీద పరచుకొనెను. బావులు ఇసుకతో పూడిపోయెను. అప్పుడు చెరలోనున్న బాబూ రాజేంద్రప్రసాద్ గారు విడుదల పొంది సహాయ సంఘమునకు నాయకుడాయెను. తరువాత మన మొదటి రాష్ట్రపతి ఆయనయే.

ఆ దినములలో ఒక వాదము పుట్టెను. అస్పృశ్యత అను పాపమునకు దేవుడు పంపిన శిక్ష ఇదియని గాంధీజీ చెప్పగా, రవీంద్రనాథ ఠాకూరు గారు దానిని బహిరంగముగా ఖండించెను. అస్పృశ్యత పాపమనుటలో నాకు సందేహము లేదు; నా పెద్దలు దాని క్రింద నలిగినవారే. అయితే కూలిన గోడ క్రింద చచ్చినది ఎక్కువగా బీదలును, ఆ నలిగినవారును కారా? సిలోయము గోపురము పడినప్పుడు పదునెనిమిది మందిని గూర్చి ప్రభువు చెప్పినది లూకా 13లో చదువుడి. కూలిన ఇంటి యజమానుని పాపము వెదకుట మన పని కాదు.

సెరెసోల్ 1934 వేసవిలో మొదట తానే వచ్చి చూచెను. జట్టును వెంటబెట్టుకొని రాలేదు. మండుటెండలో ఊరూర తిరిగి, సహాయ సంఘమువారిని, దొరతనపు అధికారులను, రైతులను కలిసికొని, ఏమి అవసరమో తెలిసికొని తిరిగిపోయెను. నెహెమ్యా యెరూషలేము చేరి, ఎవరితోను చెప్పక, రాత్రివేళ కొద్దిమందితో పడిన గోడలను చూచిన సంగతి నాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చును.

చూడక వెళ్లినందుకు మేము పడిన అవమానమును దాచను. ఏండ్ల క్రితము ఒక తుపాను తరువాత నేనే ముందుండి లారీ నిండ దుప్పట్లు, తాటాకులు వేయించుకొని పోతిని. ముందుగా ఎవరిని పంపి చూడలేదు. ఆ పల్లెకు అప్పటికే మూడు లారీల దుప్పట్లు వచ్చి గుట్టపడియుండెను. వారికి కావలసినది ఉప్పునీరు చేరిన బావిని తోడించుట. మాయొద్ద చేద తాడుకూడ లేదు. ఒక ముసలమ్మ మాకు మజ్జిగ ఇచ్చి, అయ్యా ఈసారి ఒక మాట అడిగి రండి అని చెప్పి పంపెను.

సంవత్సరాంతమున సెరెసోల్ మరల వచ్చెను. ఆయనతోను ఆయన వెనుకను ఇంగ్లాండునుండియు స్విట్జర్లాండునుండియు వచ్చినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. ముజఫర్‌పూరు జిల్లాలో పనిచేసిరి. భూకంపముచేత నేల మట్టము మారినందున కొన్ని పల్లెలలో వరదనీరు నిలుచుచుండెను. పాతచోటనే కట్టిన లాభము లేదు. గనుక మెరకను వెదకి, క్రొత్త పల్లెలు కట్టవలసివచ్చెను. ఇచ్చట ఊరివారికే కూలి ఇచ్చి పనిచేయించిరి, ఏలయనగా వారికి పని కావలెను, తిండి కావలెను. విదేశీయులు వారితోపాటు మట్టి త్రవ్వి తట్టలెత్తిరి. మన దేశములో నాలుగక్షరములు వచ్చినవాడు పార ముట్టడు; చదువుకొన్న దొర తట్ట మోయుట చూచి ఆ పల్లెలవారు ఎంత వింతపడిరో తలంచుడి. ఒకవైపు దొరతనము, ఒకవైపు జాతీయ నాయకులు. ఒకరినొకరు నమ్మని కాలము. సెరెసోల్ ఇద్దరితోను పనిచేసెను. ఈ పని 1937 వరకు సాగెను.

ఈ కాలములోనే, 1936లో, ఆయన క్వేకరుల సహవాసములో చేరెను. స్వదేశములో ఆయన జీవనము పాఠశాలలో లెక్కలు చెప్పుటయే. 1941లో, అరువది దాటిన తరువాత, లీజ్ దవీద్ అను సహోదరిని వివాహమాడెను. రెండవ మహాయుద్ధ కాలమున అనుమతి లేక సరిహద్దు దాటి జర్మనీలోనికి పోయి, యుద్ధము మానుడని ఆ ప్రజలకు చెప్పజూచి చెరలో పడెను. అది తెలివిగల పనియా అని అడుగువారున్నారు. నాకును తెలియదు. యుద్ధము ముగిసిన కొలది నెలలకే, 1945 అక్టోబరు 23న, లొజాన్ సమీపమున తన ఇంట ప్రభువునందు నిద్రించెను. ఆయన మొదలుపెట్టిన సేవా సంఘము ఇప్పటికిని అనేక దేశములలో పనిచేయుచున్నది.

మన జట్టు విషయము. ఇద్దరు పెద్దలు ముందుగా వెళ్లి ఆ పల్లెలను చూచి వచ్చిరి. దుప్పట్లు అక్కరలేదట. దూలములు, మేకులు, కత్తులు, పలుగులు, పారలు, తట్టలు, నీళ్లు తోడుటకు చేదలు కావలెను. ఇవ్వగలవారు వచ్చే ఆదివారము ఆరాధనకు ముందు గుడి వరండాలో పెట్టుడి. పనియైన తరువాత తిరిగి ఇచ్చుటకు వీలగునట్లు పార కామమీద మీ పేరు రంగుతో వ్రాయుడి.