దీనబంధు ఆండ్రూస్

ఇంగ్లండు దేశమునందలి న్యూకాసిల్ పట్టణమున 1871వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ జన్మించెను. ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి, క్రైస్తవ మతాచార్యుడై, 1904లో ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడుగా వచ్చెను. పాలకుల జాతిలో పుట్టియు ఆయన పాలితుల కష్టములను తన కష్టములుగా ఎంచెను. 1914లో గోఖలే కోరికపై దక్షిణాఫ్రికాకు వెళ్లినపుడు, దర్బను రేవులో గాంధీజీని చూచి వంగి ఆయన పాదములంటెను. ఆ పని అచ్చటి తెల్లవారికి మిక్కిలి కోపము కలిగించెను. ఆండ్రూస్ దానిని లెక్కచేయలేదు.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును నిషేధించు చట్టము 1834లో అమలులోనికి వచ్చెను. అయినను చెరకు తోటల యజమానులకు చౌకగా పనిచేయు మనుష్యులు కావలసియుండిరి. అందువలన వారు భారతదేశము నుండి కూలీలను ఐదేండ్ల ఒడంబడికపై రప్పింపసాగిరి. అగ్రిమెంటు అను ఇంగ్లీషు మాట కూలీల నోట గిర్మిట్ అయ్యెను. మారిషస్, ట్రినిడాడ్, నేటాలు మొదలగు చోట్ల వ్యాపించిన ఈ పద్ధతి 1879లో పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ దీవులకు చేరెను. 1916 వరకు 60 వేలమందికి పైగా భారతీయులు అచ్చటికి పోయిరి. 1903 నుండి చెన్నపట్టణపు రేవులో కూడ ఓడలెక్కించుటచే, వారిలో తెలుగువారును తమిళులును చేరిరి.

దళారులు పల్లెలలో తిరిగి, సులభమైన పని, మంచి జీతము అని ఆశపెట్టెడివారు. పలువురికి ఫిజీ ఎచ్చట నున్నదో తెలియదు. చదువురానివారు తమకు బోధపడని కాగితముపై వ్రేలిముద్ర వేసెడివారు. తోట చేరిన పిదప పని మానుట నేరము. మానినవానికి జరిమానా గాని చెరసాల గాని తప్పదు.

1915లో ఆండ్రూస్ తన మిత్రుడగు పియర్సనుతో ఫిజీకి ప్రయాణమయ్యెను. అచ్చట వారిరువురును తోటలు తిరిగి, కూలీలతో మాటలాడి, యజమానుల వాదమును కూడ వినిరి. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు పురుషులు నివసించుచుండిరి. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలను మాత్రమే తెచ్చు నియమముచే సంసారములు చెడి, కలహములు పెరిగెను. ఆత్మహత్యలు స్వదేశమున కంటె ఎన్నో రెట్లు అధికముగ నుండెను. కూలీలు తమ నివాసములకు నరకమని పేరు పెట్టుకొనిరి. మంచి యజమానిని నియమించినంత మాత్రమున ఈ దుఃఖము తీరదనియు, ఆ పద్ధతియే పోవలెననియు ఆండ్రూస్ నిశ్చయించెను.

మిత్రులిరువురును 1916లో తమ నివేదికను ప్రకటించిరి. ఆ సంవత్సరమే మదనమోహన మాలవ్యా కేంద్ర శాసనసభలో గిర్మిట్ రద్దు తీర్మానము ప్రవేశపెట్టగా, వైస్రాయి హార్డింజి ప్రభు వందుకు సమ్మతించెను. కాని మరికొన్ని యేండ్లు కూలీలను పంపుట సాగునని తెలిసి ఆండ్రూస్ మిగుల కలత చెందెను. దేశమంతటను నిరసన చెలరేగెను. గాంధీజీయు స్త్రీలును అందు పాల్గొనిరి. 1917లో కూలీలను పంపుట ఆగిపోయెను. అంతటితో ఆండ్రూస్ విశ్రమింపలేదు. అప్పటికే తోటలలో చిక్కినవారి కొరకు ఆ సంవత్సరమే ఆయన మరల ఫిజీకి వెళ్లెను. తుదకు 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన ఒడంబడికలన్నియు రద్దయ్యెను.

ఆండ్రూస్ తరువాతి కాలమంతయు శాంతినికేతనమును ఇల్లుగా జేసికొని, కష్టము వినవచ్చిన చోటికెల్ల వెళ్లుచు గడపెను. 1940 ఏప్రిల్ 5వ తేదీన కలకత్తాలో మరణించెను. ప్రజలు ఆయనను దీనబంధు అని పిలిచిరి.

నేటికిని దూరదేశమున ఉద్యోగమని నమ్మించి కొనిపోయి, అప్పు చూపియు, ప్రయాణపు కాగితములు లాగికొనియు మనుష్యులచే పనిచేయించు దుర్మార్గము లోకమున అంతరింపలేదు. బానిస యను పేరు పోయినంతనే బానిసత్వము పోదు. కాగితముపై నేమి వ్రాసియున్నదో చూచినంత మాత్రమున చాలదు; పనివాడు ఇష్టములేనినాడు ఇంటికి పోగలడా లేడా యని విచారింపవలెను. ఆండ్రూస్ సముద్రములు దాటి పోయి విచారించినది ఇదియే.